లీవియో వినడానికొచ్చిన మగ్గం

షోలాపూర్‌లో చూడదగ్గవేమిటని మా అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు ముగ్గురు అడిగారు. కోట ఉందట, చెరువు మధ్యలో గుడి ఉందట. నేను రెండూ చూడలేదు. మూడు రోజులూ మగ్గాల మధ్య తిరిగి, చేయకూడని పని ఒకటి చేసి, ఇంటికొచ్చి పడ్డాను. కాబట్టి ఇది చదివి ఎవరూ సూట్‌కేసు సర్దుకోవద్దు.

నేను రేడియోలో ముప్పై ఏళ్లు రికార్డింగు పని చేసి రిటైరైన మనిషిని. మోకాళ్లు పోయాయి, కళ్లు మసకబారాయి, చెవులు మాత్రం ఇంకా నా మాట వింటున్నాయి. నాతో పనిచేసిన ఒకావిడ కూతురు మిలాన్‌లో సంగీతం చదువుతోంది. ఆ పిల్ల ఒకరోజు విజయవాడకి ఫోన్ చేసి, "ఆంటీ, మా మాస్టారొకాయన షోలాపూర్ రావాలంటున్నారు. అక్కడ నేతవాళ్లంతా తెలుగువాళ్లేనట గదా, మీరు తోడు వెళ్తారా?" అంది. ఎందుకు రావాలి అన్నాను. "ఒక మగ్గం చప్పుడు వినడానికి. ఆయనకి చెవులు పోతున్నాయి. పోయేలోగా వినాలట." ఇంకేం ఆలోచిస్తాను! వెళ్తానన్నాను.

రైల్లో

ఆయన పేరు లీవియో. ఇంటిపేరు చెప్పాడు గానీ నా నోరు తిరగలేదు, ఆయనా పట్టించుకోలేదు. డెబ్బై రెండేళ్లు, వెదురుబద్దలా సన్నటి మనిషి. ఎండాకాలంలో కూడా చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. రెండు చెవుల వెనకా మిషన్లు. ఆయన ఇంగ్లీషు నాకు సగం, నా ఇంగ్లీషు ఆయనకు సగం అర్థమయ్యేది. అందుకని ఇద్దరం ముఖాలు చూసుకుంటూ నెమ్మదిగా మాట్లాడుకున్నాం. "ఎడమ చెవి పోయింది. కుడి చెవి సగం ఉంది. ఈ ఏడాది దాటదన్నాడు డాక్టరు" అని రైలు కదిలిన పది నిమిషాలకే చెప్పేశాడు. ఆయన చేతిలో ఒక రచన మిగిలి ఉంది. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో కలిసి వాయించే నాలుగు భాగాల రచన. మూడు భాగాలు అయ్యాయి. నాలుగోది ఆ మగ్గం ఎదురుగా కూర్చుని విన్నాకే రాస్తానని భీష్మించుకున్నాడు. అదే తన ఆఖరి రచన అని కూడా అన్నాడు, మామూలుగా, టిక్కెట్టు నంబరు చెప్పినట్టు.

ఆయన పుట్టింది ఉత్తర ఇటలీలో ఉన్ని మిల్లుల ఊళ్లో. తల్లి మిల్లులో పనిచేసేది. ఆ హోరులో మాట వినపడదు కాబట్టి అక్కడి ఆడవాళ్లు గొంతు పెట్టకుండా పెదాలతోనే మాట్లాడుకునేవారట. ఇంటికొచ్చాక కూడా ఆమె అలవాటుగా అలాగే మాట్లాడేది. పిల్లాడికి అక్షరాలకంటే ముందు అమ్మ పెదాలు చదవడం వచ్చింది. పదిహేనేళ్లప్పుడు మిల్లు మూసేశారు. ఊరంతా చప్పుడు లేకుండా అయిపోయిందనీ, కొన్ని నెలలు తనకు నిద్ర పట్టలేదనీ చెప్పాడు.

తర్వాత మిలాన్‌లో సంగీతం చదివాడు. అప్పట్లో అక్కడ గురువులు స్వరాలను లెక్కలు కట్టి పేర్చేవారట. ఎవరైనా చెవికి ఇంపుగా నాలుగు స్వరాలు రాస్తే పక్కవాడు ముసిముసిగా నవ్వేవాడట. లీవియో కూడా పదేళ్లు అలాగే రాశాడు, బహుమతులూ వచ్చాయి. ఒక కచేరీకి తల్లి వచ్చి ముందు వరసలో కూర్చుంది. అయిపోయాక కొడుకు దగ్గరికొచ్చి, "నాకు చదువు లేదు నాన్నా, ఏమనుకోకు" అని క్షమాపణ చెప్పింది. ఆ మాట తర్వాత ఆయన చెయ్యి ఆడలేదు. ఆరేళ్లు ఏమీ రాయలేదు. పొట్ట గడవడానికి బిస్కట్ల ప్రకటనకు పాట కట్టాడు. "అది మా దేశంలో ప్రతి పిల్లాడికీ వచ్చు. దాన్ని కట్టింది నేనని ఎవరికీ తెలియదు" అని నవ్వాడు.

అప్పుడు వచ్చింది క్యాసెట్. గుడ్డలు కొనడానికి మన దేశమంతా తిరిగే స్నేహితుడొకడు షోలాపూర్ గల్లీలో ఒక గుంట మగ్గం చప్పుడు సరదాకి రికార్డు చేసుకెళ్లి ఈయనకిచ్చాడు. ఆ మగ్గం కుంటుతుంది. పోగును అటూ ఇటూ మోసే నాడె ఎడమ పెట్టెలోకి వెళ్లినప్పుడు దెబ్బ సూటిగా పడుతుంది. కుడి పెట్టెలోకి వెళ్లినప్పుడు ముందు చిన్నగా తడబడి, తర్వాత ఆలస్యంగా పడుతుంది. టక్. ట... టక్. ఆ ఆలస్యం కూడా ప్రతిసారీ ఒకేలా ఉండదు. లీవియో దాన్ని నెలల తరబడి విని, రెండు వయొలిన్లకు ఒక రచన చేశాడు. ఇద్దరిదీ అవే నాలుగు స్వరాలు. రెండో వయొలిన్ ప్రతిసారీ కాస్త వెనకబడుతుంది. అంతే. ఎక్కడా ఎత్తుకోదు, ఎక్కడా తారస్థాయికి వెళ్లదు. మొదటి కచేరీలో సగంమంది లేచి వెళ్లిపోయారట. మిగతా సగం అది అయిపోయిందని తెలియక అలాగే కూర్చున్నారట. ఆ తర్వాత ఒక్కో ఊరూ పిలవడం మొదలుపెట్టింది. అక్కడినుంచి ఆయన రాసిందంతా ఆ తీరే. కొద్ది స్వరాలు, తిరిగి తిరిగి అవే, లోగొంతుకలో, మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు.

నేను దాచుకునే రకం కాదు. ప్రయాణానికి ముందు ఆ పిల్ల పంపిన రికార్డులన్నీ విన్నానని, మొదటిసారి మా వంటింట్లో కుళాయి సరిగ్గా కట్టలేదేమోనని లేచి చూశానని చెప్పాను. గమకం లేని స్వరం మాకు ఉప్పు లేని పప్పు అని కూడా అన్నాను. ఆయన వాయించేవాళ్లను స్వరం వణికించనివ్వడు, వేలు పెట్టిన చోట పెట్టినట్టే ఉండాలంటాడు. "నిజమే, ఉప్పు తీసేశాను" అన్నాడు కోపం లేకుండా. అయితే మూడోసారి విన్నప్పుడు ఆలస్యంగా వచ్చే స్వరం కోసం నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నానని, అది వచ్చాక కళ్లనీళ్లు పెట్టుకున్నానని కూడా చెప్పాను. ఎందుకో నాకు తెలియదు.

క్యాసెట్ చివర ఒక ఆడగొంతు ఉంది. లీవియో అది ప్రార్థన అనుకుని, ఆ అక్షరాలను విన్నవి విన్నట్టు రాసుకుని, ఒక గాయని చేత పదహారు నిమిషాలు పాడించాడు. యూరప్‌లో చాలా హాళ్లలో పాడారట. నాకు వినిపించి అర్థం అడిగాడు. "ఏయ్, ఇనవడ్తలేదా? నల్లా వచ్చింది, బిందె తే!" అని ఉంది. అర్థం చెప్పి, ఆయన బాధపడతాడేమోనని చూశాను. అక్కడ నీళ్లు ఎన్నాళ్లకొకసారి వస్తాయని అడిగాడు. నాలుగైదు రోజులకోసారని విన్నానన్నాను. "అయితే ప్రార్థనే" అన్నాడు.

మగ్గాన్ని వెతికింది నేనే. షోలాపూర్‌లో పవర్‌లూములు నడిపే ఒక తెలుగు సేట్ నంబరు సంపాదించి ఆ చప్పుడు పంపాను. ఆయన దాన్ని కులం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. గంటలో జవాబొచ్చింది: "ఇది మా అంబాదాస్ మామ మగ్గం. గిట్ల కుంటేది సోలాపురంల అదొక్కటే." పది రోజుల్లో ఇటలీ నుంచి ఒక పెద్దమనిషి దాన్ని వినడానికి వస్తున్నాడని కబురు పంపించాను. మా కొంప ముంచింది ఆ పది రోజులే.

కొంతం చౌక్

బోర్డులన్నీ మరాఠీలో ఉంటాయి, వాటి కింద జనం తెలుగులో కీచులాడుకుంటూ ఉంటారు. టీ పది రూపాయలు, గ్లాసు నిండా పోయరు. నేను ఇంకొంచెం పోయమని అడిగితే టీకొట్టావిడ నా ముఖంలోకి చూసి, "మీది సిన్మా తెలుగు గదా, ఏ ఊరు?" అంది. బెజవాడ అంటే ఆమెకు తెలియలేదు. వాళ్ల తాతల ఊరు సిద్దిపేట దగ్గరట, ఆమె ఎప్పుడూ చూడలేదట. "మా తెల్గు అక్కడ నడుస్తదా?" అని అడిగింది. నడుస్తుంది, నాదే ఇక్కడ నడవడం లేదన్నాను.

జొన్న రొట్టెను అప్పడంలా కరకరలాడేలా ఎండబెట్టి, వేరుశెనగ కారప్పొడితో ఇస్తారు. కడక్ భాకరీ అంటారు. మా వైపు రొట్టె గట్టిపడితే గేదెకు పెడతాం. ఇక్కడ పనిగట్టుకుని గట్టిపరిచి బంధువులకు పెడతారు. లీవియో ప్రతి ముక్కనూ కుడి చెవి దగ్గర పెట్టుకుని విరిచి, తర్వాత తిన్నాడు.

రోడ్డు దాటేటప్పుడు ఒక ఆటో హారన్ కొట్టుకుంటూ మీదికొచ్చింది. ఆయన ఆగలేదు. నేను చొక్కా పట్టి లాగితే మెడ దగ్గర గుండీ ఊడి నా చేతికొచ్చింది. ఆటోవాడు మరాఠీలో మొదలుపెట్టి తెలుగులో ముగించాడు. ఆ తిట్లు ఇక్కడ రాయలేను. లీవియో మాత్రం వాడికి చెయ్యి ఊపాడు. ఎడమ వైపు నుంచి వచ్చింది గదా, ఆ చెవి పోయింది గదా అనుకున్నాను.

సేట్ గారి షెడ్డు

అశోక్ చౌక్ దగ్గర మొదటి రోజంతా సేట్ పవర్‌లూముల షెడ్డులోనే గడిచింది. ఆయనకు మాకు చూపించకపోతే తృప్తి లేదు. తువ్వాళ్లు, దుప్పట్లు నేసే నలభై మరమగ్గాలు ఒకేసారి నడుస్తున్నాయి. లోపలికి అడుగు పెట్టగానే నా తల పగిలిపోయింది. ముప్పై ఏళ్లు కాపాడుకున్న చెవుల్లో వేళ్లు పెట్టుకుని నిలబడ్డాను. పనివాళ్లు మాత్రం కళ్లతో, పెదాలతో, చేతివేళ్లతో మాట్లాడుకుంటున్నారు. ఒకడు అవతలి గోడ దగ్గరి మనిషిని తంబాకు అడిగాడు, అతను లేదన్నాడు. ఇద్దరూ ఒక్క అక్షరం గట్టిగా పలకలేదు.

లీవియో పుట్టింటికి వచ్చినట్టు తిరిగాడు. ఒక ముసలాయనతో పెదాలు కదుపుతూ ఏదో అన్నాడు. ఆయన ఇటాలియన్ ఈయనకు, ఈయన తెలుగు ఆయనకు అర్థమయ్యే ప్రశ్నే లేదు, అయినా ఇద్దరూ తలలూపుకున్నారు.

బయటికొచ్చాక సేట్ టీ తెప్పించి నవ్వాడు. "మేడం, మా దగ్గర యాభై దాటినోళ్లందరం సగం చెవిటోళ్లమే. ఇంట్ల టీవీ పెడితే మా ఆవిడ బయటకెళ్లి కూసుంటది." ఆయన నవ్వుతూనే చెప్పాడు, నాకు మాత్రం నవ్వు రాలేదు. చేతి మగ్గాల సంగతి అడిగాను. "ఎక్కడున్నయ్ మేడం? మా అంబాదాస్ మామది, ఇంకో రెండో మూడో. ఆయన పడుగు గూడ ఆఖరుదే. పడుగుకు పోగులు పేర్చి ఆసు వోసేటాయన కాలం జేసిండు, గంజి పెట్టేటోళ్లు పని బంద్ జేసిన్రు. ఆ పడుగు అయిపోతే మగ్గం ఇప్పి పక్కన పెట్టుడే."

అంబాదాస్ గది

రెండో రోజు పొద్దున్నే వెళ్లాం. రేకుల గది, మధ్యలో గుంట, గుంటలో కాళ్లు పెట్టి కూర్చునే మగ్గం. దానికి పసుపు రాసి, బంతిపూల దండ వేశారు. అంబాదాస్‌కు అరవై ఎనిమిదేళ్లు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, తెల్ల టోపీ. నన్ను చూడగానే "రా చెల్లే" అన్నాడు. దాంతో ఆయన భార్య పద్మవ్వ నన్ను "వదినా" అంది. మా వైపు కొత్త మనిషిని మేడం అనో అమ్మా అనో పిలిచి దూరంగా కూర్చోబెడతారు. ఇక్కడ గడప దాటేలోపే వరస కలిపేశారు.

ముందు క్యాసెట్ చివరి గొంతు వినిపించాను. పద్మవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. "అయ్యో, నేనేనా? గింత గట్టిగ మొత్తుకుంటుంటినా?" ఆ మాటలు పెద్ద పెద్ద హాళ్లలో పాడారని చెబితే నమ్మలేదు. "నల్లా వచ్చిందని పాడిన్రా? సప్పట్లు గొట్టిన్రా?" కొట్టారన్నాను. చాలాసేపు నవ్వింది. ఆ గదిలో చివరిసారి నవ్వు విన్నది అప్పుడే.

లీవియోను మగ్గం పక్కనే రేకు కుర్చీలో కూర్చోబెట్టారు. చెయ్యి చాపితే మగ్గం తగులుతుంది. ఆయన కళ్లు మూసుకున్నాడు. అంబాదాస్ గుంటలో కాళ్లు పెట్టి, మగ్గానికి దండం పెట్టుకుని నెయ్యడం మొదలుపెట్టాడు. నల్లంచు, ఎర్ర చీర, తొమ్మిది గజాలది.

టక్. టక్. టక్. టక్.

సూటిగా, సమంగా, మెత్తగా పడుతోంది దెబ్బ. ఎక్కడా కుంటు లేదు. వేరే మగ్గమేమో అనుకున్నాను. అంబాదాస్ నా వైపు చూసి కళ్లెగరేశాడు. "బగా, సూడు చెల్లే, మక్కన్ లెక్క మెత్తగ నడుస్తుంది. పక్కింటోళ్లకు గూడ ఇనవడది!"

లీవియో వైపు చూశాను. కళ్లు మూసుకుని చిరునవ్వుతో ఉన్నాడు. మోకాలి మీద వేలు ఆడుతోంది. ఒక దెబ్బ సూటిగా, ఒకటి ఆలస్యంగా, మళ్లీ సూటిగా, మళ్లీ ఆలస్యంగా. ఎదురుగా ఉన్నదాన్ని వదిలేసి పాతదాన్ని తలుచుకుంటున్నాడనుకున్నాను. మగ్గం ఆగాక ఎలా ఉందని అడిగితే, తడి కళ్లతో "అచ్చం అదే" అన్నాడు. ఇంత దూరం వచ్చి, ఈ ముసలాయన మనసు నొప్పించలేక మర్యాదకి అబద్ధమాడుతున్నాడు అనుకున్నాను. అక్కడే పొరబడ్డాను. నాకు ఒళ్లు మండిపోయింది.

అంబాదాస్‌ను గుమ్మం దగ్గరికి పిలిచి, మెల్లగా అడగాల్సిన మాట గట్టిగా అడిగేశాను. "ఎవరు బాగుచేయమన్నారండీ మిమ్మల్ని? ఆయన ప్రాణం అరచేతిలో పెట్టుకుని వచ్చింది ఆ కుంటి చప్పుడు కోసమే గదా!"

ఆయనకు అర్థం కాలేదు. "కుంటి ఆవాజ్ కోసమా?" అన్నాడు. నేను ఫోన్‌లో పాత చప్పుడు మళ్లీ పెట్టాను. టక్. ట... టక్. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"చెల్లే, కుడి పెట్టె చెక్క అరిగి, నాడె పోయి గుద్దుకొని ఎనకకు ఎగురుతుండె. ఒకసారి చేత్తోని సముదాయించి, అప్పుడు దెబ్బ కొట్టాలె. మా నాయిన ఉన్నప్పటి సంది గంతే. రోజూ సిగ్గనిపిస్తుండె. గని దురుస్తు చేసుడు ఎప్పుడైతది, పని ఆపితే పూట ఎట్ల గడుస్తది? మీరొస్తున్నరని తెలిసి పని బంద్ వెట్టి జేసిన. ఇంటికి పాహుణా, సుట్టం వస్తడు, కుంటి మగ్గం సూపిస్తమా? మా ఇజ్జత్ ఏం గావాలె?"

"పది రోజులు అదే పని" అంది పద్మవ్వ. "చెక్క గీకుడు, తోలు మార్చుడు, నూనె వోసుడు. బిడ్డ పెండ్లికి గూడ గింత ఉరుకలే."

పాత చెక్క ఎక్కడుందని అడిగాను. ఆమె తల దించుకుంది. నీళ్ల పొయ్యిలో పెట్టేసిందట.

అంబాదాస్ కాసేపు ఆ కొత్త చెక్కను వేలితో రాస్తూ నిలబడ్డాడు. అంత నున్నగా తీర్చిన పనిని నేను ఎక్కడా చూడలేదు. "రేపు రాండ్రి" అన్నాడు. "ఎట్లుండెనో గట్లనే జేస్త." వద్దు అనాల్సింది నేను. ఆ మాట నా నోటిదాకా వచ్చిందని కూడా చెప్పుకోలేను. నేను సంతోషించాను.

విడీ ఘర్కుల్

మధ్యాహ్నం అంబాదాస్ రంపం తీశాడు. పద్మవ్వ మమ్మల్ని విడీ ఘర్కుల్‌లో ఉన్న తన చెల్లెలింటికి తీసుకెళ్లింది. బీడీలు చుట్టే ఆడవాళ్ల కోసం కట్టిన కాలనీ అది. గడపల మీద చాటలు పెట్టుకుని కూర్చుని, ఆకు కత్తిరించి, తంబాకు వేసి, చుట్టి, మూతి మడిచి దారం చుడతారు. మాట్లాడుతూనే ఉంటారు, చేతి వైపు చూడరు. నన్ను చూసి, "ఈ గోరాయన నీకేమైతడు?" అని అడిగారు. ఏమీ కాడు, తోడొచ్చానన్నాను. "ఏం గాకుండనే గింత దూరమొస్తవా!" అని ఒకావిడ అంటే గడపలన్నీ ఘొల్లుమన్నాయి.

మటన్ పులుసు, జొన్న రొట్టె పెట్టారు. కారానికి నా కళ్లు కారాయి. లీవియో రెండోసారి వేయించుకున్నాడు. తర్వాత ఒకావిడ చేతుల ముందు గంటసేపు కదలకుండా కూర్చున్నాడు. "వీళ్లు నలుగురూ నాలుగు వేగాలతో చుడుతున్నారు, ఎక్కడో ఒకచోట నలుగురూ కలుస్తారు. అది పట్టుకోవడమే నేను జీవితమంతా చేసింది" అన్నాడు. నేను కత్తెర చప్పుడు వింటున్నాను. ఆయన కళ్లు మాత్రం వాళ్ల వేళ్ల మీదే ఉన్నాయి.

పద్మవ్వ నా పక్కన కూర్చుని ఆకు తడుపుతోంది. "వదినా, ఆయన పొద్దటి సంది తినలే" అంది. "దురుస్తు జేసిననాడు గల్లీల అందరిని పిలిచి సూపెట్టిండు. ఇప్పుడు మళ్ల ఖరాబ్ జేస్తుండు. ఆయన చెయ్యితోని ఆయనే." నన్ను నిందించలేదు, జరుగుతున్నది చెప్పింది. నేను బీడీ ఒకటి చుట్టడానికి ప్రయత్నించి చింపేశాను.

మూడో రోజు

మేం వెళ్లేసరికి గదంతా చెక్కపొట్టు. అంబాదాస్ కోడికూతకే లేచి పని మొదలుపెట్టాడట. నున్నటి చెక్కను ఊడదీసి, పాత పీట ముక్కనొకదాన్ని పాత చెక్కలా అరగదీసి బిగించాడు. కొత్త తోలు తీసేసి, ఎక్కడో చెత్తలోంచి పాత తోలు వెతికి కట్టాడు. ఇస్త్రీ చొక్కా లేదు, టోపీ లేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "సరిగ్గ గట్లనే రాదు చెల్లే. ఏండ్లకేండ్లు అరిగింది, ఒక్క రోజుల ఎట్లస్తది? జరంతైతే వస్తది" అన్నాడు.

నేను రికార్డరు పెట్టాను. లీవియో నిన్నటి కుర్చీలోనే కూర్చుని కళ్లు మూసుకున్నాడు. అంబాదాస్ ఈసారి దండం పెట్టుకోలేదు.

టక్. ట... టక్. టక్. ట... టక్.

కుంటింది. కానీ అది వేషం వేసినవాడి కుంటు. నా చెవికి తెలిసిపోయింది, అంబాదాస్‌కూ తెలిసిపోయింది. దవడ బిగించి, పాత చప్పుడును జ్ఞాపకం చేసుకుంటూ ఇంకాస్త గట్టిగా నాడె తాడు లాగాడు. నాడె కుడి పెట్టె దాకా పోలేదు. కొత్తగా చెక్కిన అంచుకు తగిలి, వెనక్కి ఎగిరి, పడుగు మధ్యలో ఆగిపోయింది. ఆయన చెయ్యి ఆగలేదు. నలభై ఏళ్లుగా ఆగని చెయ్యి అది. పోగును దగ్గరికి కొట్టే అచ్చు వచ్చి నాడె మీద పడింది.

తడి గుడ్డ చింపినట్టు వినపడింది. ఎర్ర పోగులు వందల కొద్దీ తెగి, రెండు వైపులా ముడుచుకుపోయాయి. చీర మధ్యలో జానెడు వెడల్పున ఖాళీ. ఆసు పోసేవాడు లేడు, ఇంకో పడుగు లేదు. అంబాదాస్ మా వైపు వీపు పెట్టి, ఆ ఖాళీలోకి వంగి, తెగిన పోగు ఒకటి పట్టుకున్నాడు.

గదిలో చప్పుడు లేదు. గల్లీలో కూడా ఆ క్షణాన ఏమీ లేదు. నా రికార్డరు తెర మీద గీత నేలకు అతుక్కుపోయింది. ఆ గీత అలా పడి ఉండగానే, పక్కన కదులుతున్నదేదో నా కంట పడింది. లీవియో వేలు. ఒకటి సూటిగా, ఒకటి ఆలస్యంగా. కళ్లు మూసుకునే ఉన్నాడు. చిరునవ్వు అలాగే ఉంది. తల కూడా మెల్లగా ఊగుతోంది.

పద్మవ్వ నా మోచెయ్యి పట్టుకుంది. గొంతు బయటికి రానివ్వకుండా పెదాలతోనే అంది. "వదినా, ఈనకు ఇనవడ్తలేదు."

ఎన్నాళ్ల నుంచో నాకు తెలియదు. రైలెక్కేముందే చెవులు రెండూ పోయాయో, ఇంకా ముందే పోయాయో. మమ్మల్ని మోసం చేశాడో, తనను తానే చేసుకున్నాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను, రాలేదు. నా మీద వచ్చిన కోపం మాత్రం ఇంకా పోలేదు.

కొంతసేపటికి వేలు దానంతటదే ఆగింది. లీవియో కళ్లు తెరిచాడు. ఆ ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. తెగిన పోగులు ఆయనకు కనపడలేదు, అంబాదాస్ వీపు అడ్డం ఉంది. నా ముఖంలోకి చూస్తూ నెమ్మదిగా చెప్పాడు. "ఆయనకు చెప్పండి. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. ముప్పై ఏళ్లలో ఇంత బాగా నేనెప్పుడూ వినలేదు. నాలుగో భాగం దొరికింది."

"ఏమంటుండు చెల్లే?" అన్నాడు అంబాదాస్, వెనక్కి తిరగకుండానే. "జరంతన్న వచ్చిందంటనా?"

వచ్చిందట అంటే సరిపోయేది. జీవితమంతా టేపులు కోసి, అక్కర్లేని మాటలు తీసేసిన మనిషిని. ఆ ఒక్కచోట నాకు కోయడం చేతకాలేదు. ఆయన అన్నది అన్నట్టే చెప్పాను. "ఒక్క దెబ్బ కూడా తప్పలేదంటున్నారు. ఇంత బాగా ఎప్పుడూ వినలేదంటున్నారు."

అంబాదాస్ చేతిలోని పోగు వదిలేశాడు. మెల్లగా వెనక్కి తిరిగి లీవియోను చూశాడు. లీవియో, రైల్లో నేను నేర్పినట్టే, రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. అంబాదాస్ ఆయన చెవి వెనక మిషను వైపు చూశాడు. తర్వాత గోడకు ఆనించి పెట్టి ఉన్న నున్నటి కొత్త చెక్క వైపు చూశాడు.

"నిన్న గూడనా, చెల్లే?" అని అడిగాడు.

నిన్న కూడానే, అన్నాను.